ఆదాయపు హద్దు, అవసరాల వరుస: కొండవీటి సీమ చరిత్ర నుండి

గుంటూరు నుండి చిలకలూరిపేటకు పోయే రహదారి మీద ఎడ్లపాడు ఉన్నది. ఊరికి చేరువలోనే కొండవీటి కొండలు కనిపిస్తాయి. రెడ్డిరాజుల రాజధానిగా వెలసిన కొండవీడు తరువాత గజపతుల చేతికి, 1515లో శ్రీకృష్ణదేవరాయల చేతికి, ఆ శతాబ్దం చివర గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చి, ముర్తుజానగర్ అనే పేరుతో ఒక సర్కారుకు కేంద్రమైంది. 1788లో ఈ సర్కారు నిజాం నుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించింది. నేటి పాలనా లెక్కల్లో ఎడ్లపాడు, కొండవీడు రెండూ ఒకే మండలంలోనివి. 2022 ఏప్రిల్ నుండి ఆ మండలం పల్నాడు జిల్లాలో ఉన్నది. రాజులు, సర్కారులు ఇన్నిసార్లు మారినా ఈ నేలమీద సామాన్య కుటుంబం ఎదుర్కొన్న ప్రశ్న ఒక్కటే: ఉన్న దానితో ఏమి కొనాలి, ఏది మానుకోవాలి?

ఈ ప్రశ్నకు సంబంధించి ఈ సీమలో ఒక పాత సాక్ష్యం ఉన్నది. పెదకోమటి వేమారెడ్డి (1402–1420) ఆస్థానంలో విద్యాధికారిగా ఉండిన శ్రీనాథుడు సన్నబియ్యపు భోజనానికి అలవాటుపడిన మనిషి. పలనాటికి పోయినప్పుడు అక్కడి జొన్నకూటిని ఎగతాళి చేస్తూ ఆయన చెప్పినవిగా కొన్ని చాటుపద్యాలు ప్రచారంలో ఉన్నాయి. చదివినవారు నవ్వుకుంటారు. కాని అర్థశాస్త్రం చదివినవాడు నవ్వి ఊరుకోకూడదు. పలనాటివారు జొన్నలు తిన్నది వాటిమీది ఇష్టంతోనా? లేక వాన నీటి మీద బ్రతికే పొలాల్లో వరి పండక, కొని తినే స్తోమత లేకనా? బయటి నుండి చూసేవానికి కంటబడేది ఒక్కటే, కంచంలోని జొన్నకూడు. దాని వెనుక ఇష్టమెంత, ఇబ్బంది ఎంత అన్నది కంచం చెప్పదు. కవిగారు ఇబ్బందిని అభిరుచిగా పొరబడ్డారు. ఆ పొరపాటు ఆయనతో ఆగలేదు.

నేటి అర్థశాస్త్ర పాఠ్యపుస్తకాలు వినియోగదారుని గురించి చెప్పేది ఈ రెండింటిని విడదీయడంతోనే మొదలవుతుంది. ఒకటి హద్దు. చేతిలోని ఆదాయం, బజారులోని ధరలు కలిసి ఒక గీత గీస్తాయి. దీనిని బడ్జెట్ రేఖ అంటారు. వారానికి 100 రూపాయలు తిండికి పెట్టగల ఇల్లు ఉన్నదనుకుందాము. బియ్యం కిలో 4 రూపాయలు, జొన్నలు 2 రూపాయలు అయితే, ఆ ఇల్లు 25 కిలోల బియ్యమైనా కొనగలదు, 50 కిలోల జొన్నలైనా కొనగలదు, లేక రెండింటినీ కలిపి ఆ గీతకు లోపల ఎక్కడైనా ఉండగలదు. గీతకు బయట ఉన్నది దానికి లేనట్టే. రెండవది ఇష్టాల వరుస. హద్దులో ఉన్న వాటిలో ఏది ఎక్కువ ఇష్టం, ఏది తక్కువ, ఏవి సమానం. ఈ సమానమైన వాటిని కలిపే ఉదాసీనతా వక్రరేఖలను ఎడ్జ్‌వర్త్ 1881లో ప్రవేశపెట్టాడు. పరేటో వాటిని సవరించాడు. 1915లో స్లట్‌స్కీ, 1934లో హిక్స్, అలెన్‌లు ధర మారినప్పుడు కొనుగోలు ఎట్లా మారుతుందో విడమరచి చూపారు. వీరి పనిలో నిశితమైన తర్కం ఉన్నది, దానిని తీసిపారవేయడం అవివేకం. అయితే ఒక ప్రశ్నను వీరు బుద్ధిపూర్వకంగా వదలివేశారు. ఇష్టాలు ఎట్టివైనా సరే, వాటిలో అవసరమేది, కోరిక ఏది అని అడగడం తమ పని కాదన్నారు. ఆకలిగొన్నవాని గింజలూ, ధనవంతుని అత్తరూ ఒకే కాగితం మీద రెండు అక్షాలుగా నిలబడ్డాయి.

ముస్లిం న్యాయవేత్తలు సరిగ్గా ఆ వదలివేసిన ప్రశ్నతోనే మొదలుపెట్టారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) శిష్యుడైన ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ (మరణం హి. 189, క్రీ.శ. 805) సంపాదనను గురించే ప్రత్యేకంగా 'కితాబుల్ కస్బ్' అనే గ్రంథం రచించాడు. కూలి, వ్యాపారం, వ్యవసాయం, చేతిపని అనే నాలుగు మార్గాలను అందులో చర్చించాడు. దానితో పాటు తిండి విషయంలో మెట్లు చెప్పాడు. ప్రాణం నిలబడి, దైవారాధనకు శక్తి కలిగేంత తినడం విధి. ఆపై కడుపు నిండేవరకు తినడం అనుమతించబడినది. అంతకు మించినది దుబారా. ఇందులో ఒక ముచ్చట గమనార్హం. ఆకలి తీరిన తరువాత కూడా ఇంకొక ముద్ద తినడానికి హనఫీ న్యాయగ్రంథాలు కొన్ని మినహాయింపులు ఇచ్చాయి. అతిథి ముందే చెయ్యి తీసివేస్తే అతడు సిగ్గుపడి లేచిపోతాడని తోడుగా తినడం వాటిలో ఒకటి. ఒకని తృప్తి పక్కవాని మీద ఆధారపడి ఉంటుందని పాఠ్యపుస్తకాలు ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. మన న్యాయవేత్తలకు అది దస్తర్‌ఖాన్ దగ్గరే తెలిసిన సంగతి.

తరువాత ఇమామ్ గజాలీ (1058–1111) షరీఅత్ కాపాడదలచిన ప్రయోజనాలను మూడు అంతస్తులుగా విభజించాడు. అండలూసియాలోని గ్రనడా నగరవాసి ఇమామ్ షాతిబీ (మరణం 1388) తన 'అల్ మువాఫఖాత్'లో దానిని సంపూర్ణమైన సిద్ధాంతంగా నిలబెట్టాడు. మొదటివి జరూరియ్యాత్: ధర్మం, ప్రాణం, బుద్ధి, సంతానం, ఆస్తి నిలబడటానికి తప్పనిసరి అయినవి. రెండవవి హాజియ్యాత్: లేకపోయినా బ్రతుకు సాగుతుంది కాని ఇరుకున పడుతుంది. మూడవవి తహ్‌సీనియ్యాత్: బ్రతుక్కు అందం, మర్యాద చేకూర్చేవి. తరువాతి అంతస్తు కోసం ముందటి అంతస్తును కూల్చరాదు. షాతిబీ గ్రనడాలో కన్నుమూసిన నాటికి కొండవీట కుమారగిరి రెడ్డి రాజ్యం చేస్తున్నాడు. ఈ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు, కాని కాలం ఒకటేనని గుర్తుంచుకుంటే ఈ చర్చ ఎంత పాతదో అర్థమవుతుంది.

ఈ వరుసను నేటి అర్థశాస్త్ర భాషలోకి తెచ్చినవారు ఒక చిక్కును కూడా గమనించారు. నిఘంటువులో పదాలు అమర్చేటప్పుడు మొదటి అక్షరం చూస్తాము. అది సమానమైతేనే రెండవ అక్షరానికి పోతాము. జరూరత్ తీరిన పిమ్మటే హాజత్ అనడం అట్టిదే. ఇట్టి నిఘంటువు వరుసను ఏ ప్రయోజన సంఖ్యతోనూ కొలవలేమని డెబ్రూ 1954లో గణితపరంగా నిరూపించాడు. కొంచెం అత్తరు ఎక్కువ ఇచ్చి కొంచెం అన్నం తగ్గిస్తే సరిపోతుందనే బేరం ఇక్కడ కుదరదు. గణితానికి ఇది అసౌకర్యం కావచ్చు. ఖాళీ కడుపు మాత్రం ఆ బేరానికి ఎన్నడూ ఒప్పుకోలేదు. అయితే ఒక హెచ్చరిక అవసరం. షాతిబీ రాసింది ధర్మశాసనాల వెనుక ఉన్న ఉద్దేశాలను గురించి, ఇంటి పద్దును గురించి కాదు. ఆ మూడు మాటలను నేరుగా సరుకుల జాబితాకు అంటించి, ఫలానా వస్తువు జరూరత్, ఫలానాది కాదు అని తీర్పు చెప్పేవారు తొందరపడుతున్నారు. కాలం మారితే ఒకే వస్తువు ఒక అంతస్తు నుండి మరొక అంతస్తుకు ఎక్కుతుంది, దిగుతుంది.

ఇక ఈ సీమ అనుభవానికి వద్దాము. ఇష్టాల వరుస ఎంత సక్రమంగా ఉన్నా, హద్దు కుంగిపోతే ఏమవుతుందో 1832–33లో గుంటూరు మండలం చూసింది. అది నందన నామ సంవత్సరం గనుక నందన కరువనీ, డొక్కల కరువనీ జనం పిలుచుకున్నారు. సుమారు 5 లక్షల జనాభాలో లక్షన్నర నుండి 2 లక్షల మంది చనిపోయినట్లు అంచనాలు ఉన్నాయి. ఈ కరువును గురించి సాధారణంగా వానలు పడలేదు, పంటలు పండలేదు అని చెప్పి ముగిస్తారు. అది సగం కథ. పంట పోయినప్పుడు గింజలతో పాటు పని కూడా పోతుంది. కోత లేకపోతే కూలి లేదు. కూలి లేని సమయంలోనే గింజల ధర పెరుగుతుంది. బడ్జెట్ రేఖ రెండు వైపుల నుండీ లోపలికి నొక్కుకుపోతుంది. 1860–61లో ఉత్తర హిందూస్థానపు కరువును విచారించిన బేర్డ్ స్మిత్ అది తిండి కరువు కంటే పని కరువు అన్నాడు. 1943 నాటి బెంగాల్ కరువును పరిశీలించి అమర్త్య సేన్ 1981లో ప్రచురించిన గ్రంథం ఈ మాటను సిద్ధాంతంగా నిలిపింది. గింజలు ఉన్నాయా లేవా అని కాదు, ఆ మనిషికి గింజల మీద హక్కు చిక్కే దారి ఉన్నదా అని అడగాలి.

మన పాఠకులకు దగ్గరి ఉదాహరణ చెప్పవచ్చు. గుంటూరు సీమలో తెలుగే ఇంటిభాషగా గల దూదేకుల, అనగా నూర్‌బాషా కుటుంబాలు తరతరాలుగా దూది ఏకి, పరుపులు కుట్టి బ్రతికాయి. పొలం లేదు, గాదె లేదు. వారి ఆస్తి చేతిపని. కరువునాడు రైతు తన పద్దులో మొట్టమొదట కొట్టివేసేది పరుపు, దుప్పటి. అది సహజం, పైన చెప్పిన వరుస ప్రకారం న్యాయం కూడా. కాని రైతు ఇంటి హాజత్ దూదేకుల ఇంటి జరూరత్. ఒక ఇల్లు క్రమశిక్షణతో ఖర్చు తగ్గించుకుంటే మరొక ఇంట పొయ్యి ఆరిపోతుంది. నేతగానికి, మంగలికి, కుమ్మరికి కూడా ఇదే గతి. బెంగాల్‌లో మంగలి పని ధర గింజల ధరతో పోలిస్తే ఎట్లా పడిపోయిందో సేన్ లెక్కకట్టి చూపాడు. ఒక్కొక్క ఇంటి బడ్జెట్ రేఖను విడివిడిగా గీసే పాఠ్యపుస్తకానికి ఈ గొలుసు కనిపించదు.

కంపెనీ ప్రభుత్వ కాలంలో ధాన్యపు వ్యాపారంలో చెయ్యి పెట్టరాదనే సిద్ధాంతానికి పాలకుల్లో పలుకుబడి ఉండేది. ధర పెరిగితే వర్తకుడు తానే గింజలు తెస్తాడని నమ్మకం. వర్తకుడు గింజలు తెచ్చేది డబ్బున్న చోటికి. ఆకలి ఉన్నంత మాత్రాన రాడు. దీనికి భిన్నంగా హి. 18లో అరేబియాలో సంభవించిన కరువు, చరిత్రలో 'ఆముర్రమాదా', అనగా బూడిద సంవత్సరం అని పేరుపొందినది, జ్ఞాపకానికి వస్తుంది. హజ్రత్ ఉమర్ (రజి) ఇతర ప్రాంతాల అధికారులకు రాసి ధాన్యం తెప్పించారు. సామాన్యులకు దొరికేవరకు తాము నెయ్యి ముట్టలేదని, ఆ కాలంలో దొంగతనపు శిక్షను నిలిపివేశారని చరిత్రకారులు చెబుతారు. ఈ చివరి సంగతికి మన చర్చలో ప్రత్యేక స్థానం ఉన్నది. హద్దు ప్రాణం కంటే క్రిందికి దిగినప్పుడు మనిషి చేసే పనిని అతని ఇష్టంగా లెక్కించరాదని ఆ నిర్ణయం చెబుతున్నది.

గుంటూరు కరువు తరువాత ప్రభుత్వం కళ్ళు తెరిచింది. ఆర్థర్ కాటన్ సూచనల ఫలితంగా బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. డెల్టాకు నీరు వచ్చింది. మెట్టప్రాంతమైన పలనాడు మరొక శతాబ్దం ఎదురుచూసింది. 1955 డిసెంబరులో పునాది పడిన నాగార్జునసాగర్ నుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. ఎడ్లపాడు చుట్టూ ఉన్న నల్లరేగడిలో ప్రత్తి, మిరప నిలదొక్కుకున్నాయి. తినే పంట తగ్గి, అమ్మే పంట పెరిగింది. అంటే కుటుంబం తన తిండిని బజారులో కొనుక్కోవలసి వచ్చింది. బడ్జెట్ రేఖ అనేది ఇక్కడి రైతు ఇంట్లోకి పూర్తిగా అడుగుపెట్టింది అప్పుడే అనవచ్చు.

1983 ఏప్రిల్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం ప్రవేశపెట్టింది. ఏడాదికి 6,000 రూపాయల లోపు ఆదాయం గల కుటుంబాలకు తలకు 5 కిలోల చొప్పున, ఇంటికి 25 కిలోలకు మించకుండా, నెలనెలా ఇచ్చారు. ఇది పాఠ్యపుస్తకంలో విరిగిన బడ్జెట్ రేఖకు అచ్చమైన ఉదాహరణ. నెలకు 300 రూపాయలు ఖర్చుపెట్టగల ఐదుగురి కుటుంబాన్ని తీసుకుందాము. బజారులో బియ్యం కిలో 4 రూపాయలనుకుందాము. కార్డు లేకపోతే మొత్తం డబ్బుకు 75 కిలోలు వస్తాయి. కార్డు ఉంటే మొదటి 25 కిలోలకు 50 రూపాయలు, మిగిలిన 250కి బజారులో 62 కిలోలన్నర, మొత్తం 87 కిలోలన్నర. రేఖ 25 కిలోల దగ్గర వంగుతుంది. ఎలాగూ 25 కిలోలకు పైన తినే ఇంటికి ఈ పథకం చేతికి 50 రూపాయలు ఇచ్చినదానితో సమానం. ఆ ఇల్లు ఆ డబ్బుతో పప్పు కొనవచ్చు, నూనె కొనవచ్చు, పిల్లవానికి చొక్కా కుట్టించవచ్చు. బియ్యం చౌక అయితే పేదవాడు బియ్యమే ఎక్కువ తింటాడని అనుకున్నవారు ఈ చిన్న లెక్క చేయలేదు.

లెక్కలో దొరకని ఇబ్బంది మరొకటి ఉన్నది. 25 కిలోలు తెచ్చుకోవాలంటే 50 రూపాయలు ఒక్కనాడు చేతిలో ఉండాలి. రోజు కూలితో రోజు గడిపే ఇంటికి నెల ఆదాయం ఎంతైనా ఆనాటి చెయ్యి ఖాళీ. చౌకధరల దుకాణంలో సరుకు వచ్చిన రోజున డబ్బు లేకపోతే మళ్ళీ చిల్లర కొట్టే గతి. హద్దు నెలకు ఒకటి కాదు, రోజుకు ఒకటి.

ధరలు నిర్ణయించడం గురించి మన పాఠకులకు ఒక సందేహం కలగవచ్చు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు వాటిని నిర్ణయించమని కోరగా దైవప్రవక్త (స) నిరాకరించారని హదీసులు చెబుతున్నాయి. ఇమామ్ ఇబ్ను తైమియా (1263–1328) ఈ విషయాన్ని తరచి చూశాడు. సరుకు కొరత వల్లనో, జనం పెరగడం వల్లనో ధర హెచ్చితే వర్తకుని నిర్బంధించడం అన్యాయం. జనానికి అత్యవసరమైన సరుకును దాచి ధర పెంచితే అతనిచేత తగిన ధరకు అమ్మించడం న్యాయం. 2 రూపాయల బియ్యం ఈ రెండింటిలో ఏదీ కాదు. బజారు ధరను ప్రభుత్వం ముట్టలేదు. తేడాను ఖజానా భరించింది. దీనిని ధర నిర్ణయంగా కాక బైతుల్‌మాల్ నుండి ఇచ్చే భత్యంగా చూడటమే సమంజసం. భరించే ఖజానా అలసిపోయిందని కూడా చరిత్ర చెబుతుంది. 1992లో ధర 3 రూపాయల 50 పైసలైంది, 1994లో తిరిగి 2 రూపాయలకు దిగింది, 1996లో మళ్ళీ పెరిగింది. 2008లో 2 రూపాయలు, 2011లో ఒక్క రూపాయి. 2023 జనవరి నుండి కేంద్రప్రభుత్వం ఆహార భద్రతా చట్టం క్రింద ఉచితం చేసింది.

ఈ నలభై ఏళ్ళలో పలనాటి కంచంలో జొన్న తగ్గి బియ్యం నిండింది. శ్రీనాథుడు కోరిన అన్నం ఆయన ఎగతాళి చేసినవారికి దొరికింది. అయితే వారు ఎప్పటినుండో బియ్యాన్నే ఇష్టపడుతూ హద్దు కోసం కాచుకున్నారా, లేక చౌకగా వచ్చిన బియ్యమే వారి ఇష్టాన్ని తయారుచేసిందా? రెండూ కొంత కొంత నిజమని తోస్తుంది. పసితనం నుండి తిన్నదే రుచి అవుతుంది గనుక, ఇష్టం హద్దుకు బయట నిలబడి ఎంపిక చేసే స్వతంత్రుడు కాదు. ఇప్పుడు పట్టణాల్లో జొన్నలు, కొర్రలు ఆరోగ్యాహారమనే పేరుతో బియ్యం కంటే ఎక్కువ ధర పలుకుతున్నాయి. కవిగారు ఉంటే మరొక చాటువు చెప్పేవారేమో.

జాతీయ నమూనా సర్వేల ప్రకారం 1972–73లో భారత గ్రామీణ కుటుంబం ఖర్చులో సుమారు 73 వంతులు తిండికే పోయేవి. 2022–23లో అది సుమారు 46 వంతులకు దిగింది. ఆదాయం పెరిగిన కొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని జర్మనీ దేశస్థుడు ఏంగెల్ 1857లోనే చెప్పాడు. మిగిలిన సగానికి పైగా ఖర్చు చదువులు, వైద్యం, ప్రయాణం, పెళ్ళిళ్ళు మొదలైనవాటికి. దుబారా వద్దు, పిసినారితనమూ వద్దు అనే మధ్యేమార్గాన్ని ఖుర్ఆన్ ఫుర్ఖాన్ సూరా 67వ ఆయత్‌లో నిర్దేశించింది. ఈ నిర్దేశం పేదలకు అక్కరలేదని, వారికి దుబారా చేసే స్తోమతే లేదని కొందరు అంటారు. వలీమాకు, జహేజ్‌కు అప్పు చేసిన ఇళ్ళను చూసినవారు ఆ మాట అనరు. కాని ఆ ఖర్చును కేవలం అజ్ఞానమని కొట్టివేయడమూ సరికాదు. జహేజ్ ఇవ్వకపోతే పిల్లకు సంబంధం కుదరని పరిస్థితిని సమాజం కల్పించినప్పుడు, షరీఅత్ కోరని ఆ ఖర్చు తండ్రి పద్దులో జరూరత్ స్థానంలో వచ్చి కూర్చుంటుంది. తప్పు ఆ తండ్రి వరుసలో ఎంత ఉన్నదో, అడిగినవారి వరుసలో అంతకు మించి ఉన్నది.

అప్పు అనేది హద్దును రేపటి నుండి ఈ రోజుకు జరపడం. ఈ రోజు గీత బయటికి పోతుంది, రేపటి గీత వడ్డీతో సహా లోపలికి వస్తుంది. రేపటి ఆదాయం తప్పక వస్తుందనే నమ్మకం మీద ఈ లెక్క అంతా నిలబడి ఉన్నది. 1987–88లో ప్రత్తికి తెల్లదోమ తగిలి, మందుల అప్పులు తీరే దారి లేక గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. వారి ఇష్టాల్లో అసాధారణమేమీ లేదు. పంట నష్టాన్ని దేవుడిచ్చిన ఆపదగా అప్పిచ్చినవాడు పంచుకోలేదు, అంతే. ఈ అంశం మీద తెలుగునేల మీదనే పూర్వం గంభీరమైన ఆలోచన జరిగింది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు మౌలానా మనాజిర్ అహ్‌సన్ గీలానీ 1940లలో 'ఇస్లామీ మఆషియాత్' రచించారు. అక్కడి అర్థశాస్త్ర శాఖాధిపతి డాక్టర్ అన్వర్ ఇక్బాల్ ఖురైషీ వడ్డీ సిద్ధాంతాల మీద ఆంగ్లంలో గ్రంథం వెలువరించారు. అదే విశ్వవిద్యాలయపు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002), 1948 తరువాత పారిస్‌లో స్థిరపడి, హైదరాబాదులో నడిచిన వడ్డీలేని పరస్పర సహాయ సంఘాల అనుభవాన్ని లోకానికి తెలియజేశారు. చిన్న జీతగాళ్ళు నెలనెలా కొంత వేసుకొని అవసరమైనవారికి వడ్డీ లేకుండా ఇచ్చే ఆ సంఘాలు అంకెల్లో చిన్నవి. రేపటి గీతను లోపలికి నెట్టకుండా ఈనాటి గీతను జరపవచ్చునని అవి చూపాయి. అయితే అవి ఉద్యోగస్థుల సంఘాలు, నెల జీతం వచ్చేవారివి. వాన మీద ఆధారపడిన మెట్టరైతుకు, రోజు కూలివానికి అట్టి ఏర్పాటు అందలేదు.

ఆ ఖాళీలోకి సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. పేద స్త్రీలను బృందాలుగా చేర్చి, హామీ లేకుండా అప్పు ఇచ్చి, వారం వారం కిస్తీ వసూలు చేశాయి. ఒక సంస్థ కిస్తీ కట్టడానికి మరొక సంస్థ దగ్గర అప్పు తీసుకునే స్థితి ఏర్పడి, ఆత్మహత్యల వార్తలు వెలువడిన తరువాత 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూలు వారానికి కాక నెలకు జరగాలన్నది. మొత్తం వడ్డీ అసలును మించరాదన్నది. ఈ రెండవ షరతు హిందూ ధర్మశాస్త్రాల పాత నియమమే. వసూలు వారం నుండి నెలకు మారడం చిన్న సవరణగా కనిపించవచ్చు. అంతకు ముందు ఆ ఇళ్ళలో వారపు కూలి చేతికి వచ్చిన నాడు వసూలుకు వచ్చినవాడు గుమ్మంలో ఉండేవాడు. మిగిలిన బృందమంతా ఆమె కట్టేవరకు కదలకుండా కూర్చునేది. బియ్యం, మందులు, పిల్లల బడి తరువాత. కిస్తీ మొదట.